బిషప్‌కి తెలియకుండా ఏదీ చేయొద్దన్నాడు సరే, లెక్కలు అడగొద్దన్నాడా?

ప్రశ్న: అన్నా, వందనాలు. మాది గుంటూరు జిల్లాలో ఒక స్వతంత్ర సంఘం. నేను స్కూల్లో టీచర్ని, మా స్త్రీల సమాజానికి కార్యదర్శిని కూడా. ఇంటింటా పిడికెడు బియ్యం తీసిపెట్టి, నెలకోసారి అమ్మి, ఆ డబ్బు విధవరాండ్ర సహాయం కోసం జమ చేస్తుంటాం. డబ్బు పాస్టరు గారి దగ్గరే ఉంటుంది. ఈ మధ్యే ఆయన బిషప్ కూడా అయ్యారు. చాలాకాలంగా లెక్క చెప్పడం లేదు. నేను ఒకసారి అడిగాను. ఆ వచ్చే ఆదివారం ప్రసంగంలో నా పేరు ఎత్తకుండా, "ఇగ్నేషియస్ అనే హతసాక్షి ఏం రాశాడో వినండి, సంఘంలో బిషప్ కంటే గొప్పవాడు లేడు, రాజు కూడా ఆయన తరువాతే, బిషప్‌కి తెలియకుండా ఏదైనా చేసేవాడు సాతానుకు సేవ చేస్తున్నాడు" అని చదివారు. అందరూ నా వైపే చూశారు. ఆ మాటలు నిజంగా ఉన్నాయా? మా అన్నయ్య కొడుకు ఫోన్లో వెతికితే ఒకచోట ఏడు ఉత్తరాలని, ఇంకోచోట పదిహేనని ఉంది. ఇంకో విషయం, వాడు ఆ ఉత్తరాల్లో రోమా వాళ్ళకు రాసింది చదివి "నన్ను మృగాలకు ఆహారం కానివ్వండి" అని స్టేటస్ పెట్టుకున్నాడు. మా వదినకి ఒకటే టెన్షన్. ఏం చెప్పమంటారు?

జవాబు: వందనాలమ్మా. ముందు సూటిగా చెప్పేస్తాను. మీ పాస్టరు గారు చదివిన మూడు ముక్కల్లో ఒకటి అసలు, రెండు కల్తీ. ఆ అసలు ముక్క కూడా మీ నోరు మూయించడానికి రాసింది కాదు. ఇది ఎందుకు అంటున్నానో కొంచెం ఓపికగా వినాలి, ఎందుకంటే రేపు మీరు ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే "అదంతా అబద్ధం" అని కొట్టిపారేస్తే కుదరదు, కొంత నిజమే ఉంది అందులో.

ఇగ్నేషియస్ సిరియాలోని అంతియొకయ సంఘానికి అధ్యక్షుడు, అంటే బిషప్. ట్రాజన్ చక్రవర్తి కాలంలో, అంటే 98 నుంచి 117 మధ్య ఎప్పుడో, ఆయన్ని పట్టుకుని రోమాలో మృగాలకు వేయమని శిక్ష వేశారు. పదిమంది సైనికుల కాపలాలో ఇప్పటి టర్కీ మీదుగా తీసుకెళ్తున్నారు. ఆ సైనికుల్ని ఆయన చిరుతపులులు అన్నాడు, మంచిగా చూసుకునే కొద్దీ ఇంకా చెడ్డగా తయారవుతున్నారట. దారిలో స్ముర్నలో కొన్నాళ్ళు ఆపారు. ఎఫెసు, మగ్నీషియా, ట్రాలెస్ ఊళ్ళ నుంచి సంఘాల వాళ్ళు వచ్చి ఆయన్ని చూసి వెళ్ళారు. వాళ్ళకు తలొక ఉత్తరం, తనకంటే ముందే రోమా చేరేలా అక్కడి సంఘానికి ఒకటి, మొత్తం నాలుగు స్ముర్నలో రాయించాడు. తరువాత త్రోయ రేవు దగ్గర ఇంకో మూడు, ఫిలదెల్ఫియ సంఘానికి, తను దాటొచ్చిన స్ముర్న సంఘానికి, స్ముర్న బిషప్ పొలికార్పుకి విడిగా ఒకటి. ఇవీ ఏడు. రోమా ఉత్తరంలో ఆగస్టు 24 అని తేదీ కూడా ఉంది, సంవత్సరం మాత్రం వేయలేదు. (ఫిలదెల్ఫియ అనగానే మన దగ్గర వీధికో ప్రార్థన మందిరం బోర్డు గుర్తొస్తుంది గానీ ఇది ప్రకటన గ్రంథంలోని అసలు ఊరు.)

మరి పదిహేను ఎక్కణ్ణుంచి వచ్చాయి? 4వ శతాబ్దంలో ఎవరో ఒకాయన ఈ ఏడింటినీ తీసుకుని, ప్రతిదానిలోనూ తనకి కావాల్సిన మాటలు దూర్చి పొడుగు చేశాడు, పైగా కొత్తగా మరికొన్ని ఉత్తరాలు అల్లి ఇగ్నేషియస్ పేరు పెట్టాడు. ఆయన దొరికిపోయిన చోట్లలో ఒకటి భలే ఉంటుంది. అల్లిన ఉత్తరాల్లో ఒకదానిలో ఉప పరిచారకులకు, చదివేవాళ్ళకు, పాటలు పాడేవాళ్ళకు, ద్వారం దగ్గర నిలబడేవాళ్ళకు వందనాలు అని రాశాడు. ఇగ్నేషియస్ నాటి సంఘంలో ఇన్ని పదవులెక్కడివి? అసలు ఏడు ఉత్తరాల్లో కనబడేవి మూడే, అధ్యక్షుడు, పెద్దలు, పరిచారకులు. ఆ తరువాత మధ్యయుగాల్లో లాటిన్‌లో ఇంకొందరు కలిసి, ఇగ్నేషియస్ ఏకంగా మరియమ్మకు, యోహానుకు రాసినట్టు ఉత్తరాలు పుట్టించారు. మీ మేనల్లుడి ఫోన్లో ఉన్నదానిలో మరియమ్మకు రాసిన ఉత్తరం ఉందేమో చూడమనండి, ఉంటే అది అసలూ నకిలీ కలిపేసిన మూట అని తెలిసిపోతుంది.

మీ పాస్టరు గారు చదివిన "బిషప్ కంటే గొప్పవాడు లేడు", "రాజు కూడా ఆయన తరువాతే" అన్నవి స్ముర్న ఉత్తరం 9వ అధ్యాయంలో ఉన్నాయి, కానీ ఆ పొడుగు చేసిన ప్రతిలో. అసలు ప్రతిలో అదే అధ్యాయం తీస్తే రాజు ఊసే లేదు. ఆయన కావాలని మోసం చేశారని నేను అనను. 19వ శతాబ్దంలో వచ్చిన ఒక ఇంగ్లీషు అనువాదం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, దానిలో పొట్టి ప్రతి, పొడుగు ప్రతి పక్కపక్కనే వేశారు. ఏది ఏదో చూసుకోకుండా కాపీ చేసుకుంటే ఎవరికైనా ఇలాగే అవుతుంది.

ఇలా బిషప్పుల తగాదాలో ఈ ఉత్తరాలను లాగడం కొత్త కాదులెండి. 1640ల్లో ఇంగ్లండులో సంఘానికి బిషప్పులు ఉండాలా వద్దా అని పెద్ద గొడవ. బిషప్పులు కావాలనేవాళ్ళు ఇగ్నేషియస్‌ను చూపిస్తే, వద్దనేవాళ్ళలో ఒకడైన కవి మిల్టన్ 1641లో ఈ ఉత్తరాలు నమ్మదగ్గవి కావని ఎగతాళి చేశాడు. అప్పటికి చేతిలో ఉన్నది ఎక్కువగా ఆ పొడుగు ప్రతే కాబట్టి ఆయన అనుమానం మరీ అన్యాయమేం కాదు. చివరికి చిక్కు విప్పినవాడు జేమ్స్ అషర్, ఆయన కూడా ఐర్లండులో ఆర్చిబిషప్పే. 13వ శతాబ్దపు ఇంగ్లీషు బిషప్ ఒకాయన ఉదహరించిన ఇగ్నేషియస్ మాటలు పొడుగు ప్రతితో కలవడం లేదనీ, 4వ శతాబ్దపు సంఘ చరిత్రకారుడు యుసేబియస్ లాంటి పాతవాళ్ళు ఉదహరించిన మాటలతో మాత్రం సరిగ్గా కలుస్తున్నాయనీ గమనించాడు. అయితే ఇంగ్లండులోనే ఎక్కడో మంచి ప్రతి ఉండి ఉండాలని వెతికించి, లాటిన్ ప్రతులు పట్టుకుని 1644లో అచ్చు వేశాడు. రెండేళ్ళకు, 1646లో, ఫ్లోరెన్సు గ్రంథాలయంలోని గ్రీకు ప్రతి అచ్చయింది. అది అషర్ ఊహించినట్టే పొట్టిగా ఉంది. తన పక్షానికి పనికొచ్చే పొడుగు మాటల్ని ఒక ఆర్చిబిషప్పే పక్కన పెట్టించాడన్నమాట. ఇది మీ పాస్టరు గారికి చెప్పదగ్గ కబురే, కాకపోతే నవ్వుతూ చెప్పండి. 1845లో సిరియా భాషలో మూడే ఉత్తరాలున్న ఇంకా పొట్టి ప్రతి బయటపడి, అదే అసలు అని కొంతకాలం హడావిడి నడిచింది గానీ, అది కుదించి రాసుకున్నదని తేలింది. ఈ ఏడూ కూడా ఇంకా తరువాతి కాలానివి అని వాదించే పండితులు ఇప్పటికీ కొందరున్నారు, ఎక్కువమంది మాత్రం ఏడింటినీ ఒప్పుకుంటారు.

ఇప్పుడు అసలు ముక్క సంగతి. "బిషప్‌కి తెలియకుండా ఏదైనా చేసేవాడు సాతానుకు సేవ చేస్తున్నాడు." ఈ మాట పొట్టి ప్రతిలోనే ఉంది, దీనిని దాటేయడం కుదరదు. ఒక్క ఇదే కాదు, ఆ ఏడింటిలో ఆరు ఉత్తరాల్లో ఆయన బిషప్ మాట విడవకుండా చెబుతూనే ఉంటాడు, చదువుతుంటే ఒక దశలో విసుగు కూడా వస్తుంది. రోమా ఉత్తరంలో మాత్రం అక్కడి బిషప్ ప్రస్తావనే లేదు, అది వేరే కథ.

ఎందుకంత పట్టు పట్టాడు? అప్పట్లో సంఘమంటే ఒక ఊళ్ళో ఎవరింట్లోనో కూడుకునే కొద్దిమంది. వాళ్ళలో కొందరు విడిగా వేరే ఇంట్లో కూడుకుని, క్రీస్తు నిజంగా శరీరంతో రాలేదు, శ్రమపడినట్టు కనిపించాడంతే అని బోధిస్తున్నారు. నిజంగా సంకెళ్ళలో, నిజమైన మృగాల దగ్గరకు పోతున్న మనిషికి అది ఎంత మండాలో అంత మండింది. "ఆయన శ్రమపడినట్టు కనిపించడం మాత్రమే జరిగితే నేనెందుకు సంకెళ్ళలో ఉన్నాను" అనే అడుగుతాడు. అందుకని చీలిపోకండి, ఒకే బల్ల దగ్గర ఉండండి, అధ్యక్షుడూ పెద్దలూ పరిచారకులూ ఉన్నచోటే ఉండండి అని చెప్పాడు. అక్కడి బిషప్ అంటే కారు, కోటు, ఉంగరం కాదు, పట్టుబడితే ముందు పోయే తల అతనిదే. మగ్నీషియాలో దామస్ అనే అధ్యక్షుడు వయసులో చిన్నవాడు, కుర్రవాడని అలుసుగా చూడకండి అని కూడా చెప్పాల్సి వచ్చింది.

అదే స్ముర్న ఉత్తరంలో, మీ పాస్టరు గారు చదివిన చోటికి మూడు అధ్యాయాల ముందు, 6వ అధ్యాయంలో ఏముందో తెలుసా? "పదవి చూసుకుని ఎవరూ ఉప్పొంగిపోవద్దు" అని ఉంది. ఆ వెంటనే, తప్పుడు బోధ చేసేవాళ్ళను ఎలా గుర్తుపట్టాలో చెబుతూ, వాళ్ళకు ప్రేమ పట్టదు, విధవరాలు పట్టదు, అనాథ పట్టదు, ఆకలిగొన్నవాడు పట్టడు అంటాడు. తొమ్మిది చదివిన మనిషి ఆరు కూడా చదవాలి కదా.

ఇంతకంటే ముఖ్యమైనది పొలికార్పుకి రాసిన ఉత్తరం. ఏడింటిలో సంఘానికి కాక ఒక మనిషికి రాసింది అదొక్కటే, ఒక బిషప్ ఇంకో బిషప్‌కి. ఎనిమిది చిన్న అధ్యాయాలు. మంచి శిష్యుల్నే ప్రేమిస్తే నీ గొప్పేముంది, ఇబ్బంది పెట్టేవాళ్ళను మెత్తదనంతో లోబరుచుకో, అన్ని గాయాలకూ ఒకే మందు పనిచేయదు అంటాడు. దాని 4వ అధ్యాయం మొదటి మాట చూడండి: విధవరాండ్రను నిర్లక్ష్యం చేయవద్దు, ప్రభువు తరువాత వాళ్ళను చూసుకోవలసినవాడివి నువ్వే. ఆ పక్క వాక్యం: నీ సమ్మతి లేకుండా ఏమీ జరగకూడదు, దేవుని సమ్మతి లేకుండా నువ్వూ ఏమీ చేయకు.

చూశారా, మీ పాస్టరు గారు చెప్పే అధికారం, మీరు అడుగుతున్న విధవరాండ్ర డబ్బు, రెండూ ఒకే అధ్యాయంలో పక్కపక్కనే ఉన్నాయి. వాళ్ళను చూసుకుంటున్నావు కాబట్టే నీ సమ్మతి కావాలి అన్నట్టుంటుంది ఆ వరస. అదే అధ్యాయంలో సంఘపు ఉమ్మడి డబ్బు ప్రస్తావన కూడా ఉంది, దాసులు ఆ డబ్బుతో తమను విడిపించమని ఆశించవద్దు అని. (ఆ సలహా మనకు ఇవాళ గొంతు దిగదు, నేను సమర్థించను.) కానీ ఆ డబ్బు ఉమ్మడిది, అధ్యక్షుడి సొంతం కాదు అన్నది మాత్రం అందులోనే తేలిపోతోంది. ఇంకా 7వ అధ్యాయంలో, అంతియొకయకు ఒక మనిషిని పంపాలంటే కూడా "నువ్వు ఎవరినో ఒకరిని పంపెయ్" అనడు, సభ కూర్చి ఎన్నుకోండి అంటాడు. కబురు మోసుకెళ్ళే మనిషికే సభ పెట్టమన్నాడమ్మా, డబ్బుకు వద్దంటాడా?

ఇంకొకటుంది, నా దృష్టిలో మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. ఇగ్నేషియస్ ఫిలిప్పీ మీదుగా వెళ్ళాక అక్కడి సంఘం వాళ్ళు పొలికార్పుకి కబురు పెట్టారు, ఇగ్నేషియస్ రాసిన ఉత్తరాలు మీ దగ్గరుంటే పంపండి అని. ఆయన పంపుతూ తన ఉత్తరం ఒకటి జత చేశాడు, అదీ ఇప్పటికీ ఉంది. దాని 11వ అధ్యాయంలో వాలెన్స్ అనే ఆయన గురించి రాశాడు. ఈయన ఫిలిప్పీ సంఘంలో పెద్దగా ఉన్నవాడు. ఏం చేశాడో వివరంగా చెప్పలేదు గానీ ఆ చుట్టూ ఉన్న హెచ్చరికంతా ధనాపేక్ష గురించే. తనకిచ్చిన స్థానం ఏమిటో మరిచిపోయాడే అని బాధపడతాడు, ఈ విషయాల్లో తనను తాను అదుపు చేసుకోలేనివాడు ఇతరులకెలా బోధిస్తాడు అని అడుగుతాడు. అంటే ఇగ్నేషియస్ ఉత్తరాలు మొట్టమొదట కట్టగట్టి పంపినప్పుడే, వాటితో వెళ్ళిన ఉత్తరంలో డబ్బు దగ్గర తప్పిన ఒక సంఘ పెద్ద సంగతి ఉంది. ఎవరూ దాన్ని దాచలేదు, అడిగినవాళ్ళను సాతాను అనలేదు. అదే సమయంలో, వాలెన్స్‌నూ అతని భార్యనూ శత్రువులుగా చూడకండి, దారి తప్పిన అవయవాలుగా చూసి వెనక్కి తెచ్చుకోండి అని కూడా అన్నాడు. ఈ రెండో సగం మీకోసం అనుకోండి.

ఇక ఏం చేయాలి. వచ్చే ఆదివారం లేచి నిలబడి "అది కల్తీ ప్రతి" అని మాత్రం అనకండి. మీరు గెలుస్తారు, లెక్క మాత్రం రాదు. మీ సమాజంలో పెద్దావిడ ఒకరిని, పాస్టరు గారు మాట వినే సంఘ పెద్దలు ఇద్దరిని వెంట తీసుకుని, వారం మధ్యలో ఇంటికి వెళ్ళండి. పాత డబ్బు ఏమైందని మొదలుపెట్టకుండా, "ఈ నెల నుంచి బియ్యం డబ్బుకు రశీదు పుస్తకం పెడదాం, ఎవరికి ఎంత ఇచ్చామో ఇద్దరు సంతకం పెడదాం, మూడు నెలలకోసారి సమాజంలో చదువుదాం" అని అడగండి. దానికి ఒప్పుకున్నాక పాత నిల్వ ఎంతో రాయక తప్పదు, మొదటి పేజీలో మొదటి వరుస అదే కదా. ఒప్పుకోకపోతే ఇగ్నేషియస్ దాకా పోనవసరం లేదు, పౌలే ఉన్నాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో, చందా డబ్బు విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకూడదని వేరే సహోదరులను కూడా జతచేసి పంపుతున్నానంటాడు. అపొస్తలుడికి లేని నామోషీ మన బిషప్ గారికి ఎందుకుండాలి? మీ సంఘం సొసైటీగా రిజిస్టర్ అయి ఉంటే ఏటా సభ్యుల సమావేశం, లెక్కలు చూపించడం చట్టప్రకారం ఉండాల్సినవే, కాబట్టి రిజిస్ట్రేషన్ కాగితాలు ఎవరి దగ్గరున్నాయో ముందే కనుక్కోండి. అది ఆఖరి మెట్టు, మొదటి మెట్టు కాదు. ఈలోగా వచ్చే బియ్యం డబ్బు సమాజం పేర, ఇద్దరి సంతకాలతో, బ్యాంకులో వేయగలిగితే మంచిది, అదీ ఆయనకు చెప్పే చేయండి. "తెలియకుండా" అన్న మాట మీ మీదకి రాకుండా ఉంటుంది.

మీ మేనల్లుడి సంగతి. ఆ రోమా ఉత్తరం ఎంత గట్టిదంటే, ఆ వయసులో చదివితే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. "నేను దేవుని గోధుమను, మృగాల పళ్ళ మధ్య పిండి అవుతాను" అంటాడు. కానీ ఒక విషయం వాడికి చెప్పండి. అది చావును వెతుక్కుంటూ వెళ్ళినవాడి ఉత్తరం కాదు, శిక్ష పడిపోయి సంకెళ్ళలో ఉన్నవాడిది. రోమాలో తెలిసినవాళ్ళు ఎవరినో పట్టుకుని విడిపిస్తారేమోనని, వద్దు అని బతిమాలుతున్నాడు. అది కూడా ఆ రోజుల్లో అందరికీ ఆదర్శం కాదు. సుమారు 155లో పొలికార్పు కూడా హతసాక్షి అయ్యాడు, స్ముర్న సంఘం ఆ సంగతంతా ఉత్తరంగా రాసింది. అందులో క్వింటస్ అని ఒకడున్నాడు, తనంతట తానే వెళ్ళి పట్టుబడి, మృగాలను చూడగానే భయపడి వెనక్కి తగ్గాడు. ఇలా తమంతట తాము అప్పగించుకునేవాళ్ళను మేం మెచ్చుకోం అని సంఘం అక్కడే తేల్చి చెప్పింది. ఎనభై ఆరేళ్ళు క్రీస్తును సేవించానన్న పొలికార్పు కూడా మొదట అందరి మాట విని ఊరి బయట తోటలోకి తప్పుకున్నాడు.

స్టేటస్ చూసి వదిన గారిని కంగారు పడొద్దనండి, కానీ ఒకసారి పక్కన కూర్చుని "ఈ మాట నీకెందుకు నచ్చింది" అని అడగమనండి. పరీక్షల ఒత్తిడో, ఇంకేదైనా బాధో ఉంటే ఆ మాటల్లో బయటికొస్తుంది, బతకాలని లేదన్న మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాలి. ఏమీ లేదు, నిజంగా ఆసక్తేనంటే, పొలికార్పుకి రాసిన ఉత్తరం ముందు, స్ముర్న ఉత్తరం తరువాత, రోమా ఉత్తరం చివర చదవమనండి. ఇంగ్లీషు వచ్చు కాబట్టి పొలికార్పుకి రాసిన ఉత్తరం 4వ అధ్యాయం వాడితోనే తెలుగులో రాయించి ఒక కాగితం మీ దగ్గర పెట్టుకోండి, పాస్టరు గారింటికి వెళ్ళే రోజు అవసరం పడొచ్చు. సంఘ పెద్దలిద్దరూ రానంటే మళ్ళీ రాయండి.